ఆకలి లేని ఉపవాసం

"చెయ్యి ఇవ్వు మమ్మీ."

"ఇవ్వను."

"ఒక్క నిమిషం. నాడి చూసి వదిలేస్తా."

"నా నాడి సంగతి నాకు తెలుసు. నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నా నాడులు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆస్పత్రిలో మార్త పట్టుకున్న చేతులు ఎన్నో ఆమెకే తెలియదు. సూది వద్దని మొండికేసే మీసాల మగవాళ్లని కూడా ఒక్క చూపుతో దారికి తెచ్చిన సిస్టరు ఆమె. అలాంటి మనిషి ఇప్పుడు ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లో, తన సొంత డైనింగ్ టేబుల్ ముందు, రెండు చేతులూ చీర కొంగులో చుట్టేసుకుని చంటిపిల్లలా కూర్చుంది.

టేబుల్ మీద తెల్లటి ప్లాస్టిక్ క్యాప్సూళ్ల సీసా ఉంది. దాని మీద మూడు పచ్చటి ఆకుల బొమ్మ, కింద 'శత్ ప్రతిశత్ హెర్బల్', అంటే నూటికి నూరుపాళ్లూ మూలికలే, అని హిందీ అక్షరాలు. పెర్సిస్ కాలేజీ నుంచి రాగానే అమ్మ బీరువాలోంచి ఆ సీసా తెచ్చి అక్కడ పెట్టి, ఇందులో ఉన్నది ఒట్టి ఆకులు కాదని చెప్పింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు.

సిలాసు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాడు. మినిస్ట్రీలో ఫైళ్లు చూసుకునే మనిషికి గరిటె ఎందుకంటే, భార్య ఉపవాసాలు మొదలైన దగ్గర్నుంచి సాయంత్రం వంట ఆయనదే. పప్పులో ఉప్పు రోజూ మర్చిపోతాడు. అయినా మార్త ఒక్కనాడూ వంక పెట్టలేదు. తింటేగా వంక పెట్టడానికి!

"పెర్సీ, ముందు మీ అమ్మని కాసిని మంచినీళ్లు తాగనివ్వు," అన్నాడు. "పొద్దున్నుంచీ నోరు పిడచగట్టుకుపోతోందంటోంది."

"అదే డాడీ నేను చెప్పేది! నోరు ఎండటం కూడా ఆ మందు పనే."

"అది మందు కాదు," అంది మార్త. "ఆకుల పొడి. అరుగుదలకి మంచిదని ఇచ్చారు."

"ఎవరిచ్చారు?"

మార్త కొంగు ఇంకాస్త బిగించుకుంది. లజ్‌పత్ నగర్లో అద్దాల తలుపుల స్లిమ్మింగ్ సెంటరుకి జనవరిలో ఒక శనివారం తను ఒంటరిగా వెళ్లొచ్చిన సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదనుకుంటోంది. నీలం కోటు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ చేతిలో పెడితే తీసుకుంది. వార్డులో ఎవరైనా పేరు లేని మాత్ర మింగితే పెద్ద గొంతు వేసుకుని కేకలేసే మార్త, ఆ సీసాలో ఏముందని ఒక్క మాట అడగలేదు. పచ్చటి ఆకుల బొమ్మకి ఎంత చదువుకున్నవాళ్లైనా ఇట్టే లొంగిపోతారు మరి.

"మమ్మీ, ఒక్కసారి విను. ప్లీజ్." పెర్సిస్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఎం.ఫార్మసీ రెండో ఏడు చదువుతోంది ఆ పిల్ల. "నిన్న ల్యాబులో ఒక క్యాప్సూల్ విప్పి, లోపలి పొడి కరిగించి పలక మీద చుక్క పెట్టాను. పక్కనే సిబుట్రమిన్ చుక్క పెట్టాను. ఒళ్లు తగ్గడానికి ఒకప్పుడు డాక్టర్లు చీటీ రాసి ఇచ్చిన మందు అది. రెండు చుక్కలూ ఒకే ఎత్తుకి పాకాయి, అంటే రెండూ ఒకటే. నాకు నమ్మకం కుదరక మళ్లీ చేశాను. మా మేడమ్ కూడా చూశారు. పైకి ఆకుల పొడి, లోపల దొంగతనంగా కలిపింది ఇది."

"మీ మేడమ్‌కి నా పేరు చెప్పావా?"

"లేదు."

"దేవుడికి స్తోత్రం," అని ఊపిరి పీల్చుకుంది మార్త. అంత గొడవలోనూ ఆమెకి పరువే ముందు గుర్తొచ్చింది, పాపం.

"అది ఏం చేస్తుందో తెలుసా? ఆకలి కడుపులో పుడుతుందనుకుంటాం గానీ, దాని పెత్తనమంతా మెదడుది. నరాల చివర్ల నుంచి నార్అడ్రినలిన్, సెరొటోనిన్ అని రసాయనాలు బయటికొస్తాయి. పని కాగానే మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి. ఈ మందు వాటిని లోపలికి వెళ్లనివ్వదు, గుమ్మంలో అడ్డంగా నిలబడుతుంది. ఇంక అవి బయటే ఉండి, కడుపు నిండింది, కడుపు నిండింది అని చెబుతూనే ఉంటాయి. మెదడు నమ్మేస్తుంది."

"మంచిదేగా మరి?" అన్నాడు సిలాసు.

"ఆకలి దగ్గర ఆగితే మంచిదే డాడీ. ఆగవు కదా! అదే నార్అడ్రినలిన్ గుండెని తరుముతుంది. రక్తనాళాల్ని బిగిస్తుంది. నోరు ఎండిపోతుంది, నిద్ర పట్టదు. యాంఫెటమిన్‌కి దూరపు చుట్టం ఇది. మమ్మీకి అసలే బీపీ. రోజూ బీపీ మాత్ర మింగి, దాని వెనకాలే ఇది మింగుతోంది. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టు."

సిలాసు గరిటె టేబుల్ మీద పెట్టాడు. పప్పు మరక పడింది. మామూలుగా అయితే మార్త ఇల్లు ఎగరగొట్టేది. ఇప్పుడు ఆ మరక వంకే చూస్తూ కూర్చుంది.

కింద ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు. అది ఎంతకీ అందుకోవడం లేదు.

"అయితే," అంది మార్త చివరికి, "తెల్లారకముందే నన్ను రోజూ లేపిందెవరే?"

పెర్సిస్ సీసాని పక్కకి జరిపింది.

ఆ ప్రశ్న వెనక ఉన్నది ఆ పిల్లకి తెలుసు. ఏటా ఈస్టరుకి ముందు వచ్చే ఈ శ్రమల దినాల్లో నలభై రోజులూ ఉపవాసం ఉంటానని మార్త శపథం పట్టడం, అది రెండో రోజే ఆస్పత్రి క్యాంటీన్లో సమోసాతో ముగియడం ఇంట్లో పెద్ద వేళాకోళం. ఈ ఏడు అలా కాలేదు. ఆకలి తన దగ్గరికి రానేలేదు. పొద్దున ఏమీ లేదు, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రికి రెండు ఇడ్లీలు ఎక్కువైపోయేవి. లోకమంతా నిద్రపోతుంటే కళ్లు తెరుచుకునేవి. ఎవరో భుజం తట్టినట్టు లేచి, హాల్లో చాప వేసుకుని మోకరించేది. మాటలు వాటంతటవే వచ్చేవి.

చర్చి సంఘంలో ఈ కబురు పాకింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లు మార్త చుట్టూ చేరి, తమ బాధలు చెప్పుకుని ప్రార్థన చేయించుకోవడం మొదలుపెట్టారు. ఎల్లుండి మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే. సిలువ మీది ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఢిల్లీలో ఆ తెలుగు సంఘం పెట్టిన దగ్గర్నుంచి ఏడుగురూ మగవాళ్లే. ఈసారి ఐదో మాట, దాహాన్ని గురించిన మాట, పాస్టరు గారు మార్తకి ఇచ్చారు. ప్రసంగానికి ముందు తన ఉపవాసంలో దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా కూడా చెప్పమన్నారు.

"చెప్పవే. మందుల చదువు చదివావు కదా. నన్ను లేపింది దేవుడా, లజ్‌పత్ నగర్ వాళ్లా?"

"మమ్మీ, నాకు దేవుడి గురించి తెలీదు. నేను చదివేది మందులు."

"రెండూ కలిపి చెప్పేశావుగా ఇప్పుడు."

మార్త ఏడుపు రానివ్వలేదు గానీ, ముక్కు ఎర్రబడింది. "ముప్పై ఏళ్ల బట్టి ప్రార్థన చేస్తున్నా. డ్యూటీ దిగొచ్చి, కునికిపాట్లు పడుతూ చేశా. ఆయన వింటున్నాడో లేదో అనుకుంటూ చేశా. ఈ ఒక్క ఏడు విన్నాడనిపించింది. అది కూడా క్యాప్సూలే అంటావు. సరే. బావుంది."

పెర్సిస్‌కి కళ్లు నిండిపోయాయి. బీపీ గురించి ఎన్ని వాదనలైనా సిద్ధంగా పెట్టుకుంది గానీ, అమ్మ నుంచి ఇంత పెద్దది లాక్కుంటున్నానని ఆ పిల్ల అనుకోలేదు. "సారీ మమ్మీ," అంది.

సిలాసు కుర్చీ లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు. ఈయనకి ఏ మాటైనా నవ్వులాటగానే నోట్లోంచి వస్తుంది. చావు ఇంట్లో కూడా ఎవరో ఒకరిని నవ్వించి తిట్లు తింటాడు. కానీ ఇప్పుడు మొహంలో ఆ ఛాయలు లేవు.

"నిద్రపట్టని వాళ్లు ఈ ఢిల్లీ నిండా ఉన్నారు మార్తా," అన్నాడు. "వాళ్లు లేచి టీవీ పెట్టుకుంటారు. నువ్వు మోకరించావు. మందు నీ నిద్ర తీసేసిందేమో గానీ, నిన్ను మోకాళ్ల మీదికి దించలేదు కదా."

మార్త ఆయన వంక చూసింది. పెళ్లైన దగ్గర్నుంచి ఆయన నోటి వెంట ఇంత తిన్నని మాట విన్నది తక్కువ.

"అది సరే గానీ," అని ఆయనే అడిగాడు, "అసలు ఆ షాపుకి ఎందుకెళ్లావ్? నీకేం తక్కువైందని?"

"ఏం లేదు."

"చెప్పు."

"చెప్పడానికేం లేదంటున్నాగా."

"డాడీ, వదిలెయ్," అంది పెర్సిస్. ఆ పిల్ల తండ్రి మొహం చూడకుండా గోడ వంక చూస్తోంది. సిలాసుకి అనుమానమొచ్చింది.

"నీకు తెలుసా?"

మార్తే అంది, చాలా మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు. "క్రిస్మస్ కేరల్స్ పాడటానికి వెళ్లినప్పుడు. పాస్టరు గారి కారు ఫ్లైఓవర్ ఎక్కక మొరాయిస్తే, 'మా మార్త దిగితే గానీ ఇది ఎక్కదు' అన్నారు మీరు."

సిలాసుకి ఆ రాత్రి గుర్తుంది. కార్లో అందరూ కడుపుబ్బ నవ్వారు. మార్త కూడా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది. అది చూసి తను మురిసిపోయాడు కూడా.

"నువ్వు నవ్వావు కదే!"

"నవ్వక కార్లోంచి దూకమంటారా?"

ఆయన అరచేతులు పిసుక్కున్నాడు. ఎప్పుడూ నాలుక చివరే ఉండే ఆ వేళాకోళం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. "తప్పు చేశాను మార్తా," అన్నాడు. "నువ్వు సగం అయిపోతే నేనేం సంతోషిస్తాననుకున్నావు? నాకు ఇలాగే కావాలి నువ్వు. మొదట్నుంచీ ఇలాగే ఇష్టం. చెప్పలేదంతే."

"ఆ మాట కార్లో అందరి ముందూ చెప్పాల్సింది," అంది మార్త. కోపంగానే అంది గానీ, కొంగులోంచి కుడి చెయ్యి బయటికి తీసి టేబుల్ మీద ఆయన ముందు పెట్టింది. కూతురికి ఇవ్వని చెయ్యి మొగుడికిచ్చింది.

సిలాసు బొటనవేలితో నొక్కి చూశాడు.

"బొటనవేలు కాదు. దానికే నాడి ఉంటుంది, మీదే మీకు తెలుస్తుంది. మూడు వేళ్లు పెట్టండి. ఇంకాస్త పైకి. ఆఁ, అక్కడ. గడియారం చూస్తూ లెక్కపెట్టండి."

ఆయన పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. మధ్యలో తప్పాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పాడు.

"అందటం లేదు మార్తా," అన్నాడు భయంగా. "ఇది పరుగెడుతోంది."

అప్పుడు పెర్సిస్ వచ్చి చెయ్యి పట్టుకుంది. మార్త వద్దనలేదు. నిమిషం గడిచింది.

"నూట పద్దెనిమిది. కూర్చుని ఉండగా!"

ఆ అంకె విన్నాక మార్తలోని సిస్టరు లేచి కూర్చుంది. ఇదే అంకె వార్డులో ఎవరి కాగితం మీదైనా పడితే తను డాక్టరు కోసం కబురు పెట్టేది. బంధువుల మీద కేకలేసేది. అంతవరకూ ఈ మందు తన దేవుడిని లాగేసుకుంటోందని పోట్లాడింది గానీ, తన గుండె సంగతి ఆలోచించలేదు.

"ఆపేస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

"రెండు మూడు రోజుల్లో ఆకలి తిరిగొస్తుంది. బాగా వేస్తుంది. నీరసంగా ఉంటుంది. రేపు పొద్దున్నే కార్డియాలజీలో చూపిద్దాం."

"అంటే శుక్రవారానికి..."

"శుక్రవారానికి నకనకలాడుతూ ఉంటావు."

మార్త వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. "ఇంకో రెండు రోజులేగా పెర్సీ. శుక్రవారం ప్రసంగం అయిపోనీ. ఆ తర్వాత నువ్వే చెత్తబుట్టలో పడెయ్యి."

"మమ్మీ!"

"మూడు గంటల ఆరాధన అది. నీరసపడి అందరి ముందూ మాట తడబడితే ఏమనుకుంటారు? ఆడవాళ్లకి ఇస్తే ఇంతే అంటారు. మళ్లీ ఇంకో ఆడదానికి ఇవ్వరు."

"బస్ కరో మమ్మీ, ఇంక చాలు. మాట తడబడటం కాదు, మనిషే పడిపోతే?"

"నేను చెప్పేది అర్థం చేసుకోవు కదా నువ్వు!"

"నువ్వు చేసుకుంటున్నావా?"

సిలాసు ఇద్దరి మధ్యా సీసా మీద చెయ్యి వేశాడు. "మార్తా, వార్డులో పేషెంటు నిన్ను ఇదే అడిగితే ఏం చెబుతావు? శుక్రవారం దాకా మింగి ఆ తర్వాత ఆపుతాను సిస్టర్ అంటే?"

ఆమె ఆయన చెయ్యి తప్పించి, తనే వేళ్లతో సీసాని కూతురి వైపు నెట్టింది. "తీసుకుపో," అంది. "ఆకలేస్తే వెయ్యనీ. అప్పుడైనా అది నిజం ఉపవాసం అవుతుంది."

పెర్సిస్ అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి బుగ్గ ఆనించింది. మార్త విదిలించుకోలేదు. సిలాసు హమ్మయ్య అనుకుని, పప్పులో ఉప్పు వేశానో లేదో చూస్తానని గరిటె తీసుకుని లేచాడు. వెయ్యలేదు.

పెర్సిస్ సీసా ఊపి చూసింది. మూత మీద అంటించిన చీటీ చదివి కనుబొమలు ముడిచింది.

"మమ్మీ, ఇది మార్చిలో కొన్నది. జనవరి నుంచి వాడుతున్నావు కదా. మొదటిది అయిపోయిందా?"

"ఆఁ."

"మరి ఇది అప్పుడే అడుగంటిందే. నువ్వొక్కదానివే మింగితే ఇంకా చాలా ఉండాలి."

మార్త కొంగు చివర మడతలు పెట్టడం మొదలుపెట్టింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఎవరికైనా ఇచ్చావా?"

"లక్ష్మీకుమారికి," అంది మార్త సన్నగా.

ఫరీదాబాద్ నుంచి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి సంఘానికి వచ్చే పిల్ల లక్ష్మీకుమారి. మొగుడు అక్కడ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్లై ఎనిమిదేళ్లయినా పిల్లల్లేరు. ఆ పిల్ల మార్తని చూసి తనూ ఉపవాసం పట్టింది.

"మధ్యాహ్నానికి కళ్లు తిరిగిపోతున్నాయంది. కడుపులో మంట అంది. ఆకులే కదా, అరుగుదలకేగా అని కొన్ని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చా. పోయిన వారం మళ్లీ అడిగితే మళ్లీ ఇచ్చా."

"ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఆపెయ్యమని చెప్పు."

"ఫోన్లో ఏమని చెప్పను? ఎందుకని అడగదా? శుక్రవారం వస్తుందిగా, అప్పుడు పక్కకి పిలిచి నెమ్మదిగా చెబుతా."

"ఎల్లుండి దాకా ఆమె వాటిని మింగుతూ ఉండాలా? అందులో ఏం కలిపారో, ఎంత కలిపారో ఎవరికీ తెలీదు!"

"దానికి నా మీద ఎంత నమ్మకమో నీకు తెలుసా? నా ప్రార్థన మీదే ఆశ పెట్టుకుని ఉంది పిచ్చిది. నేను మాత్ర మింగి ఉపవాసం చేశానని, దానికీ అదే మింగించానని ఏ నోటితో చెప్పనే?"

"అమ్మా," అంది పెర్సిస్. ఎప్పుడూ మమ్మీ అనే పిల్ల అలా పిలిచేసరికి మార్త తల తిప్పింది. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

సరిగ్గా అప్పుడు ఫ్రిజ్ మీద పెట్టిన మార్త సెల్ ఫోన్ మోగింది. సిలాసు అందుకుని, పేరు చూసి, ఏమీ అనకుండా తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

"వందనాలు ఆంటీ!" లక్ష్మీకుమారి గొంతు గదంతా వినపడేంత గట్టిగా ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "అందరికంటే ముందు మీకే చేస్తున్నానాంటీ. మా అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. ఇప్పుడే డాక్టరమ్మ దగ్గర్నుంచి వస్తున్నాం. దేవుడు మీ ప్రార్థన విన్నాడాంటీ. నాకు రెండో నెలంట!"

మార్త ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. మొదటి నెలల్లో ఉన్న ఆడవాళ్లకి జ్వరం మాత్ర ఇవ్వడానికి కూడా రెండుసార్లు ఆలోచించే మనిషి ఆమె. ఎదురుగా సిలాసు కుర్చీ అంచు పట్టుకుని నిలబడిపోయాడు. పెర్సిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆంటీ, ఉన్నారా? నేను ఉపవాసం విడవలేదాంటీ. శుక్రవారం దాకా ఉండి తీరతా. మీరిచ్చినవి వేసుకుంటే అసలు ఆకలే తెలియడం లేదు, మీకు లాగే! ఏంటాంటీ, మాట్లాడరేంటి? ఏడుస్తున్నారా?"

"లక్ష్మీ," అంది మార్త. "ముందు ఇంత అన్నం తిను తల్లీ. ఇప్పుడే. నేనిచ్చినవి ఇంక ఒక్కటి కూడా వేసుకోకు. తీసి పక్కన పెట్టు, నేను బయల్దేరి వస్తున్నా."

"ఇప్పుడా? అంత దూరం ఎందుకాంటీ?"

"నీకొక సంగతి చెప్పాలి."

"సాక్ష్యమా ఆంటీ?" అని అవతల ఆ పిల్ల సంబరంగా అడిగింది. "శుక్రవారం చెప్పబోయేది నాకు ముందే చెబుతారా?"

మార్త కూతురి వంక చూసింది. మొగుడి వంక చూసింది. ఆయన అప్పటికే గుమ్మం దగ్గర ఆమె చెప్పులు వెతుకుతున్నాడు.

"అవును," అంది మార్త.